సున్నలు నింపే పరీక్షలు – మన పిల్లలు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు నన్ను ఆదేశించారు. విద్య అంటే సముద్రం. బారువ ఒడ్డున నిలబడి చూస్తే అవతలి దరి కనిపిస్తుందా? కనిపించదు. అంచేత ఆ సముద్రంలోంచి ఈ రోజు ఒక్క చెంబెడు నీళ్ళు మాత్రమే తీసుకుంటాను. పిల్లవాడు ఒక్క వాక్యం కూడా రాయకుండా, వరసగా అచ్చువేసిన చిన్న చిన్న సున్నల్లో ఒకదాన్ని నల్లగా నింపి వస్తాడే, ఆ పరీక్ష గురించి మాట్లాడతాను. ఆ కాగితాన్ని మా వంటి పంతులు దిద్దడు. మిషను చూస్తుంది, కంప్యూటరులోని సాఫ్ట్‌వేరు మార్కులు వేస్తుంది. దానినే ఓ.ఎం.ఆర్. షీటు అంటున్నారు.

ఇంత పెద్ద సభలో ఇంత చిన్న విషయమా అని మీలో కొందరికి అనిపించవచ్చు. మన ప్రాంతం సంగతి ఒకసారి తలుచుకోండి. ఉద్దానంలో ఒక కుటుంబానికి నాలుగు కొబ్బరిచెట్లు, అరెకరమో ఎకరమో జీడితోట ఉంటే అదే గొప్ప. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుఫాను ఆ చెట్లను తెల్లవారేసరికి నేలకూల్చింది. కొబ్బరిచెట్టు మళ్ళీ కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. కిడ్నీ జబ్బు వచ్చిన ఇళ్ళలో చేతిలో ఉన్నది మందులకు, ఆసుపత్రి ప్రయాణాలకు పోతున్నది. పట్నంలో ఉన్నవారికి చిన్న వ్యాపారం, కూలి, మెకానిక్కు పని. ఇటువంటి కుటుంబాలకు పిల్లల చదువు తప్ప వేరే ఆస్తి ఏమున్నది? ఆ చదువులో పెద్ద మెట్టు ఎక్కవలసి వచ్చినప్పుడల్లా ఎదురుగా నిలబడేది ఆ ఒక్క కాగితమే.

పదో తరగతి అయినాక పాలిటెక్నిక్కు పోదామంటే పాలిసెట్ రాయాలి. 120 ప్రశ్నలు, 120 మార్కులు. ఇంటరు అయినాక డాక్టరు చదవాలంటే నీట్. 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఉద్యోగాల కోసం సర్వీసు కమిషను వారు పెట్టే వడపోత పరీక్షలు కూడా చాలా ఏళ్ళుగా ఇదే రకం.

మన తెలుగునాట ఈ పద్ధతిని ఇంటింటికీ తెలిసేట్టు చేసింది ఎంసెట్. అది 1986లో మొదలైంది. జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం దానిని నిర్వహించింది. మూడు గంటల్లో 160 ప్రశ్నలు. ఇంజనీరింగుకైతే లెక్కలు 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. రాష్ట్రం విడిపోయినాక మనవైపు 2015లో, 2016లో కాకినాడ జె.ఎన్.టి.యు. వారు కాగితం మీదే పెట్టారు. 2017 నుంచి ఆ పరీక్ష కంప్యూటరు ముందు కూర్చుని రాసేదిగా మారింది. అంతమాత్రాన కాగితం పోలేదు. 2020లో కరోనా మూలంగా పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. ట్రిపుల్ ఐటీలో సీట్లు ఇవ్వడానికి మార్కులు లేకుండా పోయాయి. అప్పుడు ఆర్.జి.యు.కె.టి. విశ్వవిద్యాలయం వారు ఆ ఏడు డిసెంబరు 5న ప్రవేశ పరీక్ష పెట్టి ఓ.ఎం.ఆర్. షీట్ల మీదే జవాబులు తీసుకున్నారు. మన ఎచ్చెర్ల దగ్గరున్న ట్రిపుల్ ఐటీ ఆ విశ్వవిద్యాలయానిదే.

విశ్వవిద్యాలయాలు ఈ మిషనునే ఎందుకు పట్టుకున్నాయో ఒక చిన్న లెక్క చూస్తే తెలుస్తుంది. లక్ష మంది 160 ప్రశ్నలకు జవాబులు పెడితే కోటీ అరవై లక్షల జవాబులు. నా వంటి పంతులు రోజుకు నలభై పేపర్లు దిద్దగలడనుకోండి, లక్ష పేపర్లకు 2500 రోజులు కావాలి. వందమందిని కూర్చోబెట్టినా పాతిక రోజులు. పైగా పొద్దున్న దిద్దిన చెయ్యి సాయంత్రం ఒకేలా ఉండదు. ఆకలేసినప్పుడు ఒక మార్కు, అన్నం తిన్నాక ఒక మార్కు పడుతుందని మా ఉపాధ్యాయుల మీద ఎప్పటినుంచో హాస్యం ఉన్నది. మిషనుకు ఆకలి లేదు, బంధుత్వం లేదు. పేరు చూసి, ఊరు చూసి, కులం మతం చూసి మార్కు వెయ్యదు. ఇది దానిలోని గొప్ప మేలు. మనవంటి కొద్దిమంది ఉన్న చోట ఈ మేలును తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు.

మరి ఈ మిషను ఎలా పుట్టిందో పిల్లలు తెలుసుకోవాలి. దీనిని మొదట ఆలోచించినవాడు మా వృత్తివాడే. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో రెనాల్డ్ జాన్సన్ అని హైస్కూలులో సైన్సు పాఠాలు చెప్పే మాస్టారు ఉండేవాడు. ఆయన చిన్నతనంలో మహా అల్లరివాడట. అక్కల కోసం వచ్చిన కుర్రాళ్ళ కార్ల స్పార్కు ప్లగ్గుల మీద పెన్సిలుతో గీత గీసేవాడట. పెన్సిలు ములికిలో ఉండే గ్రాఫైటు గుండా కరెంటు పారుతుంది. అంచేత నిప్పురవ్వ రావలసిన చోట రాక కారు కదిలేది కాదు. పెద్దవాడై పంతులయ్యాక ఆ సంగతే గుర్తుపెట్టుకుని, పిల్లవాడు పెన్సిలుతో గుర్తుపెట్టిన చోట కరెంటు పారితే జవాబు తెలిసిపోతుంది కదా అని మిషను తయారుచేశాడు. ఐ.బి.ఎం. కంపెనీ ఆయనను 1934లో పనిలోకి తీసుకున్నది. 1938లో ఆ మిషను అమ్మకానికి వచ్చింది. కాగితం లోపల పెడితే గడియారం ముల్లు వంటి ముల్లు కదిలి మార్కు చూపేది. మన పాలిసెట్టుకు పిల్లవాడు ఈనాటికీ హెచ్.బి. పెన్సిలు పట్టుకుని పోతున్నాడంటే ఆ అలవాటు మొదలైంది అక్కడే.

తరవాత 1950లలో అయోవా విశ్వవిద్యాలయంలో లిండ్‌క్విస్ట్ అనే ఆచార్యుడు కరెంటుకు బదులు వెలుతురుతో చదివే మిషను కట్టాడు. తెల్ల కాగితం మీద వెలుతురు పడితే తిరిగి వస్తుంది, నల్లగా నింపిన చోట రాదు. ఈనాటి పద్ధతికి అదే ఆధారం. ఇప్పుడు మామూలు స్కానరే షీటును ఫోటో తీస్తుంది. షీటు అంచున చిన్న చిన్న నల్లగీతలు వరసగా అచ్చువేసి ఉంటాయి, మీరు చూసే ఉంటారు. అవి అందం కోసం కాదు. కాగితం కొంచెం వంకరగా లోపలికి పోయినా, ఏ వరస ఎక్కడున్నదో సాఫ్ట్‌వేరు ఆ గీతలను బట్టి పట్టుకుంటుంది. అందుకే వాటి మీద గీయకూడదు, షీటు మడవకూడదు, చెమట చేత్తో నలపకూడదు అంటారు. తరవాత ఒక్కొక్క వలయంలో ఎంత నలుపు ఉన్నదో కొలుస్తుంది. ఇంతకంటే ఎక్కువ నలుపుంటే నింపినట్టు, తక్కువుంటే ఖాళీ అని ముందుగా ఒక హద్దు పెట్టి ఉంచుతారు. ఒకే ప్రశ్నకు రెండు నింపి ఉంటే చెల్లదు. ఆ తరవాత సరైన జవాబుల పట్టీతో, అంటే కీతో పోల్చి మార్కు కూడుతుంది. అంతే దాని విద్య.

మన పలాసవారికి ఇది అర్థం కావడానికి జీడిపప్పు కంటే మంచి ఉదాహరణ లేదు. మన కార్ఖానాల్లో ఆడవాళ్ళు పప్పును కళ్ళతో చూసి గుండు, బద్ద, ముక్క అని వేరుచేస్తారు. గుండులో మళ్ళీ డబ్ల్యూ 180, 210, 240, 320 అని రకాలు. పౌనుకు 300 నుంచి 320 పప్పులు తూగితే అది 320 రకం. అంకె చిన్నదైన కొద్దీ పప్పు పెద్దది, ధర పెద్దది. ఇప్పుడు రంగు చూసి వేరుచేసే మిషన్లు కూడా వచ్చాయి. మిషను తన ముందుకు వచ్చిన పప్పును పెట్టిన హద్దు ప్రకారం అటో ఇటో తోస్తుంది. ఆ హద్దు పెట్టింది ఎవరు? మనిషి. పౌనుకు 320 అని నిర్ణయించింది ఎవరు? మనిషి. కార్ఖానాలో పాతికేళ్ళు పనిచేసిన అమ్మ పప్పును తిప్పి చూస్తుంది, వాసన చూస్తుంది, అనుమానం వస్తే పక్కన పెట్టి మేస్త్రీని అడుగుతుంది. మిషను అడగదు.

పరీక్షలోనూ అంతే. లెక్కపెట్టడం మిషను పని. నిర్ణయించడం మనిషి పని. ఈ ఒక్క ముక్క ఈనాడు మీరు ఇంటికి తీసుకుపోతే నేను ధన్యుణ్ణి. మార్కులు కంప్యూటరు వేసింది కాబట్టి ఇక అడగడానికి ఏమీ లేదని మనవాళ్ళు తల వంచుకుని వచ్చేస్తారు. అలా కాదు. కంప్యూటరుకు ముందూ వెనకా మనుషులు చేసిన పనులు ఉన్నాయి. అందులో మూడింటిని ఈ మధ్య జరిగిన మూడు సంగతులతో చెబుతాను.

మొదటిది, కీ తయారుచేయడం. 2024 నీట్ పరీక్షలో పరమాణువుల గురించి ఒక భౌతికశాస్త్ర ప్రశ్న వచ్చింది. పాత పాఠ్యపుస్తకంలో ఉన్న ఒక వాక్యాన్ని బట్టి రెండవ జవాబు, కొత్త పుస్తకాన్ని బట్టి నాల్గవ జవాబు సరైనవని పరీక్ష పెట్టినవారు రెండింటికీ మార్కులు ఇచ్చారు. వ్యవహారం సుప్రీంకోర్టుకు పోయింది. కోర్టువారు ఢిల్లీ ఐ.ఐ.టి. నిపుణులను అడిగారు. నాల్గవ జవాబే సరైనదని వారు తేల్చారు. రెండవ జవాబు పెట్టిన నాలుగు లక్షల పైచిలుకు పిల్లలకు వచ్చిన నాలుగు మార్కులూ పోయి, తప్పుకు ఇంకొక మార్కు కోత, వెరసి అయిదు మార్కులు తగ్గాయి. జూన్‌లో 720కి 720 వచ్చాయన్న 67 మందిలో 44 మందికి ఆ ఘనత ఆ ఒక్క ప్రశ్న మూలంగా వచ్చిందే. జూలై 26న సవరించిన ఫలితాల్లో పూర్తి మార్కులవారు 17 మందే మిగిలారు. ఇందులో మిషను చేసిన తప్పు ఏమైనా ఉన్నదా? ఏమీ లేదు. కీ ఎలా ఇస్తే అలాగే లెక్కపెట్టింది. రెండుసార్లూ తప్పులేకుండానే లెక్కపెట్టింది!

రెండవది, కాగితాలు ఎన్ని వచ్చాయో లెక్క ఉంచడం. తెలంగాణలో గ్రూప్–1 ప్రాథమిక పరీక్ష 2022 అక్టోబరులో జరిగి, ప్రశ్నపత్రం బయటికి పోవడం వల్ల రద్దయింది. 2023 జూన్ 11న మళ్ళీ పెట్టారు. పరీక్షనాడు 2,33,248 మంది రాశారన్నారు. తరవాత ఓ.ఎం.ఆర్. షీట్లు 2,33,506 అన్నారు. ఆ 258 ఎక్కడివని అభ్యర్థులు కోర్టుకెక్కారు. బయోమెట్రిక్ హాజరు తీసుకోలేదన్నది ఇంకొక అభ్యంతరం. ఆ ఏడు సెప్టెంబరులో హైకోర్టు ఆ పరీక్షను కూడా రద్దు చేసింది. నిజాయితీగా చదివినవారు కూడా మూడోసారి రాయవలసి వచ్చింది.

మూడవది, కాగితాన్ని దాచి ఉంచడం. పశ్చిమ బెంగాలులో 2016 నాటి ఉపాధ్యాయ నియామకాల్లో ఓ.ఎం.ఆర్. మార్కులు తారుమారయ్యాయని గొడవ వచ్చింది. అసలు షీట్లు తీసి చూద్దామంటే అవి నాశనం చేసి ఉన్నాయి. మంచివారెవరో, అడ్డదారిన వచ్చినవారెవరో పూర్తిగా విడదీయడానికి వీలులేకపోయింది. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పాతిక వేలకు పైగా నియామకాల రద్దును ఖాయం చేసింది. సాటి ఉపాధ్యాయుడిగా ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. కాగితం ఉంటే నిజం ఉంటుంది. కంప్యూటరులో అంకె మాత్రమే మిగిలితే ఆ అంకెను నమ్మడమో, నమ్మకపోవడమో తప్ప గత్యంతరం లేదు.

ఇక మన పిల్లల దగ్గరికి వద్దాం. ఫలితాల రోజుల్లో కొందరు తల్లులు నన్ను దారిలో ఆపి అడుగుతుంటారు. “ఏటి మాస్టారూ, మా గుంట అన్నీ కరెక్టుగానే పెట్టినానంటోంది, మరి మార్కులేటి రానేదు?” అంటారు. కీతో పోల్చి చూస్తే కొన్నిసార్లు పిల్ల చెప్పిందే నిజం. తెలివి తక్కువై కాదు, కాగితం అలవాటు లేక పోయిన మార్కులవి.

అందులో అన్నిటికంటే ప్రమాదమైనది ప్రశ్నపత్రం కోడు. పక్కవాడిది చూసి పెట్టకుండా ఒకే ప్రశ్నలను నాలుగు వరసల్లో మార్చి ఎ, బి, సి, డి అని నాలుగు రకాలు అచ్చువేస్తారు. నాలుగింటికీ నాలుగు కీలు. పిల్లవాడి చేతిలో ఉన్నది బి, షీటు మీద నింపింది డి అయితే, సాఫ్ట్‌వేరు డి కీతో దిద్దుతుంది. నూటికి తొంభై తెలిసినవాడికి కూడా గుడ్డిగా పెట్టినవాడికి వచ్చే మార్కులే వస్తాయి. హాలుటిక్కెట్టు నంబరు అంకెల్లో రాసి కింద సున్నలు నింపకపోవడం రెండవది. ఒక ప్రశ్న వదిలిపెట్టి, ఆ వరసను మాత్రం వదలకుండా, తరవాతి జవాబు అందులో నింపడం మూడవది. అక్కడి నుంచి చివరిదాకా అన్నీ ఒక మెట్టు జారిపోతాయి. చెరిపిన పెన్సిలు మరక సరిగా పోకపోవడం, సున్న నింపకుండా టిక్కు పెట్టడం, రెండవ జవాబు మంచిదనిపించి మొదటిది ఉండగానే దాన్నీ నింపడం – ఇవన్నీ ప్రతి ఏడూ జరిగేవే. ఎర్ర సిరా పట్టిన పంతులైతే పిల్లవాడి ఉద్దేశం ఏమిటో చూసి సర్దుకుంటాడు. మిషనుకు ఉద్దేశం తెలియదు. గుర్తు మాత్రమే తెలుసు.

ఉర్దూలో చదివే పిల్లలకు ఇంకొక చిక్కు ఉన్నది. దానిని బయటివారు గమనించరు, కాబట్టి ఇక్కడ చెప్పాలి. నీట్ 2018 నుంచి ఉర్దూలో కూడా రాయవచ్చు. 2017లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట వచ్చిన సౌకర్యం అది. సంతోషం. కాని ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడిచే లిపి. నాలుగు జవాబులు ఒకే వరసలో అచ్చువేస్తే ఉర్దూ పిల్లవాడి కన్ను మొదట కుడివైపున ఉన్నదాని మీద పడుతుంది. షీటు మీద సున్నలేమో ఎడమ నుంచి కుడికి ఒకటి, రెండు, మూడు, నాలుగు. జవాబు పక్కనున్న అంకె చూసి నింపితే బాధ లేదు. కాని తొందరలో పిల్లలు అంకె చూడరు, చోటు చూస్తారు. “ఈ చివరిది” అని ఈ చివరి సున్న నింపుతారు. ఒకటి నాలుగవుతుంది, రెండు మూడవుతుంది. అందుకే నేను తరగతిలో పిల్లలచేత జవాబు అంకెను నోటితో అనిపించి, తరవాతే చేత్తో నింపిస్తాను. “కౌన్సా నంబర్?” అని ముందు అడుగుతాను. పదిహేను రోజులు ఇలా చేయిస్తే చెయ్యి దారిలో పడుతుంది.

దీనికి తోడు, అనువాదంలో అనుమానం వస్తే ఇంగ్లీషు ప్రశ్నే ప్రమాణమని నీట్ నిబంధన. అంచేత ఉర్దూలో చదివినా, తెలుగులో చదివినా, శాస్త్ర పదాలు ఇంగ్లీషులో కూడా నేర్పక తప్పదు. ఇది మాతృభాషను వదలమని చెప్పడం కాదు. రెండు చేతులూ వాడమని చెప్పడం.

తెలియని ప్రశ్నకు గుడ్డిగా పెట్టవచ్చా అని పిల్లలు అడుగుతారు. లెక్క చెబుతాను, మీరే తేల్చుకోండి. పాలిసెట్టులో తప్పు జవాబుకు కోత లేదు. అక్కడ ఖాళీగా వదిలినవాడు నష్టపోతాడు. ఏమీ చదవకుండా 120కీ ఏదో ఒకటి నింపినా సగటున 30 మార్కులు వస్తాయి. నీట్‌లో సరైన దానికి నాలుగు, తప్పుకు ఒకటి కోత. పూర్తిగా గుడ్డిగా నాలుగు ప్రశ్నలు పెడితే సగటున ఒకటి తగిలి నాలుగు వస్తాయి, మూడు తప్పి మూడు పోతాయి, మిగిలేది ఒక్క మార్కు. నాలుగింటిలో రెండు ఖచ్చితంగా కావని తెలిస్తే మాత్రం పెట్టడమే లాభం. కాని పిల్లలారా, ఇంకొక లెక్క కూడా చూడండి. గుడ్డిగా పెట్టి 30 మార్కులు తెచ్చుకున్నవాడికి ఆ 30 మార్కుల చదువు రాలేదు. సీటు వచ్చినాక తరగతి గదిలో కూర్చోవలసింది వాడే.

ఇంతదాకా కష్టాలు చెప్పాను. ఇప్పుడు ఉపాయం చెబుతాను. ఒకప్పుడు ఈ మిషన్లు విశ్వవిద్యాలయాలకు, పెద్ద సంస్థలకు మాత్రమే అందేవి. ఇప్పుడు అలా కాదు. ఒక కంప్యూటరు, ఒక మామూలు స్కానరు ఉంటే చాలు. ఫారంస్కానర్, ఆటో మల్టిపుల్ చాయిస్ అనే సాఫ్ట్‌వేర్లు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. రెండవది ఫ్రాన్సులో పుట్టింది. ఒక్కొక్క పిల్లవాడికి ప్రశ్నల వరస మార్చి పేపరు తయారుచేస్తుంది, నింపిన కాగితాలు స్కాన్ చేస్తే దిద్దుతుంది. అనుమానం ఉన్న సున్నలను తెరమీద చూపితే మనం కళ్ళతో చూసి సరిచేయవచ్చు. అంటే చివరి మాట మనిషిదే.

నా ఉద్దేశంలో ఈ సాఫ్ట్‌వేరు వల్ల బడికి వచ్చే అసలు లాభం ర్యాంకు కాదు. ఏ ప్రశ్నకు ఎంతమంది ఏ తప్పు జవాబు పెట్టారో అది చిటికెలో చెబుతుంది. ఒక ఉదాహరణ. ఒకటి బై రెండు, ఒకటి బై మూడు కలిపితే ఎంత అని అడిగాం అనుకోండి. సరైన జవాబు అయిదు బై ఆరు. నలభై మందిలో పాతిక మంది రెండు బై అయిదు పెట్టారనుకోండి. అది పిల్లల మొద్దుతనం కాదు. పైవి పైవి, కిందివి కిందివి కూడేస్తున్నారు, భిన్నం అంటే ఏమిటో వారికి చేరలేదు. మర్నాడు పంతులు ఏ పాఠం మళ్ళీ చెప్పాలో ఆ కాగితం చెప్పింది. ఇలా వాడితే మిషను పిల్లవాడికి తీర్పు చెప్పేది కాకుండా పంతులుకు సాయం చేసేది అవుతుంది. నలభై పేపర్లు దిద్దే రెండు గంటలు మిగిలితే, వెనకబడిన నలుగురిని పక్కన కూర్చోబెట్టుకోవచ్చు.

అయితే ఒక హెచ్చరిక. సున్నలు నింపడమే చదువనుకునే రోజు రాకూడదు. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపట్టడం వేరు, ఏమీ లేని తెల్లకాగితం మీద తన మాటల్లో జవాబు కట్టడం వేరు. ఆరో తరగతి నుంచే సున్నలకు అలవాటుపడిన పిల్లవాడు ఉర్దూలో గాని తెలుగులో గాని పది వాక్యాల అర్జీ రాయలేకపోతున్నాడు. రేపు తన మార్కుల్లో తప్పు జరిగిందని అధికారికి అర్జీ పెట్టాలన్నా వాక్యమే కావాలి కదా! అంచేత వారానికి ఒకరోజు సున్నలు, మిగతా రోజులు రాత. ఈ పాలు తప్పకూడదు.

ఇప్పుడు సంఘానికి నా మనవులు. గొప్ప ఖర్చుతో కూడినవి కావు.

మొదటిది, ఎనిమిదో తరగతి నుంచి ఇంటరు దాకా ఉన్న మన పిల్లలకు, వారితో కలిసి చదివే ఇరుగుపొరుగు పిల్లలకు కూడా, నెలకు ఒకసారి పలాసలోనో టెక్కలిలోనో నమూనా పరీక్ష పెట్టాలి. అసలు పరీక్షలో ఎటువంటి షీటు ఇస్తారో అటువంటిదే ఇవ్వాలి, గడియారం పెట్టాలి, కోడు నింపించాలి. పెద్ద పరీక్షకు శ్రీకాకుళమో విశాఖో పోయి కూర్చున్న పిల్లకు ఆ కాగితం అంతకు ముందే పదిసార్లు చూసినదై ఉండాలి. బండి దిగిన కంగారు ఒకటి చాలు, కాగితం కంగారు కూడా ఎందుకు? ఆడపిల్లలను ఒంటరిగా అంతదూరం పంపడానికి వెనకాడే తల్లిదండ్రులు ఉన్నారు. సంఘం తరపున నలుగురిని కలిపి, తోడుగా ఒక పెద్దమనిషిని, ఒక తల్లిని పంపితే ఎన్నో చదువులు ఆగకుండా ఉంటాయి.

రెండవది, నమూనా పరీక్ష అయ్యాక ఎవరి షీటు వారికి తిరిగి ఇచ్చి చూపించాలి. మార్కు మాత్రం చెప్పి ఊరుకోకూడదు. చదువు రాక పోయిన మార్కులెన్ని, సున్న నింపడంలో పోయిన మార్కులెన్ని అని రెండు లెక్కలు వేరువేరుగా రాయించాలి. మొదటిదానికి మందు పుస్తకం. రెండవదానికి మందు అలవాటు.

మూడవది, అసలు పరీక్షల తరవాత కీ విడుదల అవుతుంది. అభ్యంతరాలు చెప్పడానికి కొద్ది రోజులే గడువు ఇస్తారు. నీట్‌లో స్కాన్ చేసిన షీటును కూడా చూపిస్తారు, రుసుము కట్టి అభ్యంతరం పెట్టవచ్చు. మన పిల్లల్లో ఎక్కువమంది ఆ తలుపు తెరిచి ఉన్న సంగతే తెలియక ఊరుకుంటున్నారు. ఆ నాలుగు రోజులు చదువుకున్న యువకులు ఇద్దరు సంఘం కార్యాలయంలో కూర్చుని, వచ్చినవారి షీటు, కీ పోల్చి చూసిపెట్టాలి. న్యాయమైన అభ్యంతరం ఉంటే రుసుము సంఘం నిధి నుంచి ఇవ్వాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఫలితం రాగానే పిల్లను కొట్టకండి, తిట్టకండి. ముందు షీటు చూడండి, కీ చూడండి, కోడు చూడండి. తప్పు ఎక్కడున్నదో తెలిసినాక మాట్లాడండి. ఎకరం తోట పోయినా తట్టుకున్నవాళ్ళం మనం. ఒక పరీక్ష పోతే పిల్ల మనసు పోగొట్టుకోకూడదు.

విద్యార్థులకు ఒక మాట. మిషనుకు భయపడకండి, దానిని పూజించకండి. అది మీ నాన్న పేరు అడగదు, మీ ఇంటి గోడ మట్టిదో సిమెంటుదో చూడదు. ఆ విషయంలో అది మీకు మిత్రుడే. కాని మీరు రాత్రంతా చదివారని కూడా దానికి తెలియదు. మీకు తెలిసినదాన్ని దానికి అర్థమయ్యే గుర్తుగా మార్చి ఇవ్వడం మీ పని. ఆ గుర్తును న్యాయంగా లెక్కించారా లేదా అని మర్యాదగా, కాగితం చేత్తో పట్టుకుని అడగడం మీ హక్కు.

సమయం మించిపోతున్నదని అధ్యక్షులవారు చూస్తున్నారు. వచ్చే వార్షిక సమావేశం నాటికి కనీసం పది నమూనా పరీక్షల లెక్క ఈ వేదిక మీద చదివి వినిపించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.